తిండి కోసం ఊళ్ళు తిరుగుతున్నాం, తిరిగొచ్చేసరికి గొడవ!

ప్రశ్న: మాకు పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. మా ఇద్దరికీ కలిసిన ఒకే ఒక్క పిచ్చి తిండి. సెలవులు దొరికినప్పుడల్లా ఏదో ఒక ఊరు పట్టుకుని వెళ్ళిపోతాం. మొదట్లో సరదాగా ఉండేది. ఇప్పుడు ప్రతి ట్రిప్పూ గొడవతోనే ముగుస్తోంది. మావారు వీడియోలు చూసి లిస్టు రాసుకుంటారు. పొద్దున నాలుగు చోట్ల టిఫిన్, మధ్యాహ్నం రెండు చోట్ల భోజనం, సాయంత్రం సంగతి చెప్పక్కర్లేదు. ఫొటో తీసేదాకా ప్లేటు ముట్టుకోనివ్వరు. పోయిన మార్చిలో పులస తిందామని గోదావరి వైపు వెళ్ళాం. ఓ హోటల్లో రెండు ముక్కలకి మూడు వేలు తీసుకున్నారు. ముళ్ళు తప్ప నాకేం తెలియలేదు. మే నెలలో విశాఖ వెళ్తే తాజా చేపలే సరిగ్గా దొరకలేదు. దొరికినవి తిని రెండు రోజులు విరేచనాలతో గదిలో పడుకున్నాను. నేను రాలేదని ఆయన మొహం ముడుచుకుని కూర్చున్నారు. ఇంటికొస్తే మా అత్తగారు "ఇంట్లో వండుకుంటే పోయేదానికి ఊళ్ళు పట్టుకు తిరగడం ఏంటే" అంటారు. ఆవిడ పుట్టిల్లు పాలకొల్లు దగ్గర ఓ పల్లె, మా తిరుగుళ్ళు ఆవిడకి వింతగా ఉంటాయి. ఏ కాలంలో ఎక్కడికి వెళ్ళాలి? మోసపోకుండా ఎలా తినాలి? గొడవ పడకుండా ఎలా తిరగాలి? ఇంకో చిన్న సందేహం, కూరలూ స్వీట్లూ రైల్లో ఇంటికి తెచ్చుకోవచ్చా?
(పేరు వద్దు, హైదరాబాద్)

సమాధానం: ముందు ఆ పులస సంగతి తేల్చేద్దాం. మార్చిలో గోదావరిలో పులస ఉండదండీ. అది ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రంలో బతికే చేప. వానలు పడి గోదావరికి వరదొచ్చి, ఎర్రనీరు సముద్రంలో కలిసే రోజుల్లో గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. సముద్రంలో దొరికితే విలస, ఏటికి ఎదురీది వచ్చాక దొరికితే పులస. వరదను బట్టి కాస్త అటూ ఇటూ అయినా జులై నుంచి సెప్టెంబర్ దాకానే దాని కాలం. మీకు మార్చిలో వడ్డించింది ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసులో వచ్చిన విలస అయ్యుండాలి. అది తినకూడని చేపేం కాదు, బాగానే ఉంటుంది. విలసకి పులస రేటు కట్టడం దగ్గరే దెబ్బ తిన్నారు.

విశాఖ కథా ఇంతే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం అది. ఆ రోజుల్లో బోట్లన్నీ హార్బర్‌లో వరసగా కట్టేసి ఉంటాయి. ఇంజిన్ లేని చిన్న తెప్పల వాళ్ళు తెచ్చేది కొంచెం. మిగతాదంతా చెరువు చేపా, ఎప్పటిదో ఐసులో పెట్టిన చేపా. మీరు సరిగ్గా ఆ రెండు నెలల మధ్యలో వెళ్ళి తాజా చేప అడిగారు.

అంటే ఆ రెండు ట్రిప్పులూ చెడడానికి మీ ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఊరు చూసుకున్నారు, నెల చూసుకోలేదు. వీడియోలో ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఏ నెలలో తీశారో ఎక్కడా ఉండదు. మీవారి లిస్టులో ప్రతి పేరు పక్కనా నెల రాసుకోమనండి. సగం పేర్లు వాటంతట అవే వచ్చే ఏడాదికి వాయిదా పడిపోతాయి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు తేలిగ్గా రాసేశారు. మీ అత్తగారి పుట్టిల్లు పాలకొల్లు దగ్గర పల్లె అని. అమ్మా, వరదొచ్చే నెలా, తాటికాయ ముదిరే వారమూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మీరు ఫోన్లో వీడియోలు వెతుకుతున్నారు! ఆవిడ ఎందుకు విసుక్కుంటున్నారో నాకైతే అర్థమైంది. చిన్నప్పటి నుంచి ఏ నెలలో ఏది తినాలో చూస్తూ పెరిగిన మనిషి ముందు, కొడుకూ కోడలూ మార్చిలో పులస తినొచ్చామని చెబితే ఏమంటుంది? ఈ ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని "మీ ఊళ్ళో ఏ నెలలో ఏం తినేవాళ్ళు అత్తయ్యా" అని అడగండి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. పది నిమిషాల్లో అయ్యే మాట కాదది.

నా సలహా ఒక్కటే. ఏడాదిపాటు కొత్త ఊళ్ళు మానేయండి. ఒకే సీమకి వేరువేరు కాలాల్లో వెళ్ళండి. ఒక్కో ప్రయాణం ఒక్క తిండి కోసం పెట్టుకోండి. మిగతావి దారిలో తగిలితే తినండి, లేకపోతే లేదు. మీకు గోదావరి డెల్టా చేతిలో ఉంది కాబట్టి అక్కడికే వెళ్ళమంటాను. హైదరాబాద్‌లో నరసాపురం రైలెక్కితే తెల్లారేసరికి డెల్టాలో ఉంటారు, పాలకొల్లులోనే దిగొచ్చు.

ఒకే చోటికి పదేపదే వెళ్తే విసుగు రాదా అని మీవారు అడుగుతారు. ఒక్క తాటిచెట్టు చూడండి. మార్చి ఆఖరు నుంచి మే దాకా ముంజలు. ఆగస్టు వచ్చేసరికి అదే కాయ పండి, నల్లగా నిగనిగలాడుతూ కింద పడుతుంది. ఆ పండు గుజ్జుతో తాటిరొట్టె, తాటిగారెలు. పండు తిన్నాక మిగిలిన టెంకల్ని మట్టిలో పాతర వేస్తారు. అవి మొలకెత్తి, కార్తీకం దాటి సంక్రాంతి దగ్గరపడే రోజుల్లో తేగలుగా బయటికొస్తాయి. పూర్తిగా తేగ కట్టకముందు టెంక పగలగొడితే లోపల తెల్లగా, మెత్తగా, తియ్యగా బుర్రగుంజు. చెట్టు అక్కడే ఉంది, మీరు మూడు కాలాల్లో మూడు రకాల తిండి తిన్నారు. ఈ వరస చూడాలంటే మాత్రం మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

ముంజలు తినడం కూడా చెబుతాను, హైదరాబాద్‌లో కవర్లో కట్టి అమ్మేవి తిని ఇదే ముంజ అనుకుంటారు చాలామంది. గెల దించిన దగ్గరే తినాలి, అదీ ఎండ ముదరకముందు. అమ్మే మనిషి కాయ పైభాగాన్ని కత్తితో ఒక్క వేటుకి చెక్కి ఇస్తాడు. మూడు కళ్ళు కనిపిస్తాయి. బొటనవేలు కంటి అంచున పెట్టి లోపలికి నొక్కి పైకి లాగాలి. మొదటిసారి నీళ్ళు చొక్కా మీదకి చిమ్మి తీరతాయి, కాబట్టి మీవారికి ఆ రోజు తెల్ల చొక్కా వద్దని చెప్పండి. వేలు సులువుగా దిగితే లేత. దిగడానికి మొరాయిస్తే ముదురు, దాన్ని పక్కన పెట్టేయండి, తింటే కడుపులో రాయిలా కూర్చుంటుంది. తిన్నాక ఖాళీ బుర్రలు రెండు అడిగి తీసుకుని పుల్ల గుచ్చి బండి చేసుకోండి. అది ఎలా చేయాలో తెలియకపోతే అక్కడున్న ఏ పిల్లాడైనా చూపిస్తాడు.

ఆ వేసవి ప్రయాణంలోనే ఆత్రేయపురం పెట్టుకోండి. సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం మీదుగా వెళ్ళాలి. ఆ ఊరంటే అందరికీ పూతరేకులే గుర్తొస్తాయి. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పూతరేకులకి కాలంతో పని లేదు, ఏడాది పొడవునా చేస్తారు. మే నెలలో ఆ ఊళ్ళో చూడాల్సింది మామిడితాండ్ర. మామిడిపండ్ల రసం తీసి చాపల మీద పల్చగా పరుస్తారు. ఎండాక దాని మీద ఇంకో పొర, అది ఎండాక మరోటి. ఎండ బాగుంటేనే పని సాగుతుంది. వాన చినుకు పడిందంటే ఇంటిల్లిపాదీ పరుగు. ఆ వాసనలో ఓ గంట తిరిగాక తాండ్ర ముక్క నోట్లో వేసుకుంటే, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి దుకాణాల్లో అమ్మేదానికీ దీనికీ తేడా నేను చెప్పక్కర్లేదు.

వెళ్ళారు కాబట్టి రేకులు తీసే ఇంటికీ వెళ్ళండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో నీళ్ళలా పల్చటి బియ్యప్పిండి. రేకులు తీసే ఆవిడ గుడ్డ ముక్కని అందులో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, కుండ మీద అలా పరిచి ఇలా లాగేస్తుంది. చూసేలోపే రేకు లేచిపోతుంది. కుండ వేడి కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. రోజంతా ఆ సెగ ముందు కూర్చునే పని అది. వీడియో తీసేముందు ఆవిణ్ణి అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి, ఒప్పుకుంటే వచ్చేటప్పుడు ఆ ఇంట్లోనే ఓ డబ్బా కొనండి.

మామిడిపండ్ల విషయంలో తొందరపడొద్దు. మార్చిలో పసుప్పచ్చగా మెరుస్తూ కనిపించిన పండు చూసి టెంప్ట్ అవ్వకండి. కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం, అయినా సీజన్ మొదట్లో ఆ బెడద ఎక్కువ. పైకి పండినట్టే కనిపించి, లోపల టెంక దగ్గర పుల్లగా, తెల్లగా ఉంటుంది. బంగినపల్లి ఏప్రిల్ చివర నుంచి, రసాలు మే నుంచి నమ్మకంగా తినొచ్చు. డెల్టాలో ఉంటే కొత్తపల్లి కొబ్బరి అనే మామిడి అడగండి. రసం పీల్చేటప్పుడు మోచేతి దాకా కారుతుంది, దానికి సిగ్గుపడితే ఆ పండు మీకు కాదు.

వానాకాలం ప్రయాణం పులసది. దీనికి మాత్రం ఆగస్టు మొదట్లోనే టికెట్లు కొని కూర్చోకండి. వరదొచ్చిందో లేదో అత్తగారి తమ్ముడికో చెల్లెలికో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరాలి. "పుస్తెలమ్మయినా పులస తినాలి" అని ఊరికే సామెత పుట్టలేదు కానీ, ఆ సామెతని పట్టుకునే రేట్లు పెంచారు. పెద్ద చేప ఒక్కటే వేలంలో ఇరవై వేలు దాటిన సందర్భాలున్నాయి. కొత్తవాళ్ళు చేపని చూసి పులసో విలసో చెప్పలేరు, నేనూ చెప్పలేను. అందుకని హోటల్‌ని నమ్ముకోవద్దు. తెలిసిన మనిషి ద్వారా, రేవు దగ్గర, వల దించిన రోజున కొనండి. ఇద్దరి కోసం చేప కొనడం దండగ. బంధువుల ఇంట్లో అందరూ తలా కొంచెం వేసుకుని కొనండి, అందరూ కూర్చుని తినండి. ఖర్చూ పంచుకున్నట్టు ఉంటుంది, వండేవాళ్ళూ చెయ్యి తిరిగినవాళ్ళు.

వంట హడావుడిగా అయ్యేది కాదు. మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు పులుసులో బెండకాయలూ పచ్చిమిరపకాయలూ వేసి సన్నసెగ మీద ఉడికిస్తారు. గరిటె పెట్టి కలపరు, దాకని గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ ఊపుతారు. రాత్రి వండి పొద్దున తింటేనే దాని రుచి అని ఎవర్నడిగినా చెబుతారు. కాబట్టి ఒక రాత్రి అక్కడ ఉండేలా చూసుకోండి. మీవారి పద్ధతిలో అయితే ఆ రాత్రికి ఇంకో మూడు ఊళ్ళు తిరిగేసి ఉండేవారు.

ముళ్ళ సంగతి మీరు రాశారు. ఈ చేపకి ముళ్ళు ఎక్కువే, సన్నగా, చీలికలుగా ఉంటాయి. పగటి వెలుగులో, చేత్తో, చిన్న ముక్క విడదీసుకుంటూ తినాలి. తింటూ కబుర్లొద్దు. ముల్లు గొంతులో గుచ్చుకుంటే మన ఇళ్ళల్లో వెంటనే అన్నం ముద్ద మింగమంటారు. అది చెయ్యకండి, ముల్లు ఇంకా లోపలికి దిగే ప్రమాదం ఉంది. కాసేపటికీ తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళడమే. ఇంత చెప్పాక కూడా మీకు భయంగా ఉంటే పులుసు మాత్రం అన్నంలో కలుపుకోండి, ముక్క ఆయనకి వదిలేయండి. పులుసు తిన్నవాళ్ళూ పులస తిన్నట్టే. ఇంకో మాట, ఏడాదికి ఒక్కసారి చాలు. గుడ్లు పెట్టడానికి వచ్చే చేప అది, దొరకడం ఏడాదికేడాది తగ్గుతోందని రేవులో జాలర్లే చెబుతారు.

దసరా, దీపావళి మధ్య యానాం వైపు వెళ్తే చీరమీను దొరుకుతుంది. వెంట్రుకంత సన్నటి చేపపిల్లలు. పాత చీరల్నే వలల్లా పట్టుకుని నీళ్ళలో వాటిని పడతారు, బకెట్లలో పోసి కొలిచి అమ్ముతారు. ముల్లు భయం ఉన్న మీకు ఇది పులస కంటే నయం, మొత్తానికి మొత్తం తినేయడమే. ఇసుక పోయేదాకా కడగడమే పెద్ద పని. అయితే దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. చాలా ఇళ్ళల్లో ఆ నెలంతా నీచు వండరు. బంధువుల ఇంటికెళ్ళి చేపల కూర అడిగి వాళ్ళని ఇబ్బంది పెట్టకండి. ఆ నెల్లో వెళ్తే ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి వెళ్ళండి. విస్తరాకులో వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ, పులిహోర. ఫొటోలో ఏమంత గొప్పగా కనిపించదు.

సంక్రాంతికి తేగలూ అరిసెలూ. తేగని కాల్చాక పైపొర ఒలిచి, నిలువునా చీలిస్తే మధ్యలో చందమామ అని సన్నటి మొలక ఉంటుంది. పీచు నములుతూ ఉమ్మేస్తూ తినాలి, మర్యాదగా తినే తిండి కాదు. అరిసెల కోసం భోగికి రెండు మూడు రోజుల ముందే వెళ్ళండి. అరిసెలు తినడం కంటే వండే రోజు అక్కడ ఉండడం బాగుంటుంది. తడిపిండి ఆరిపోకముందే బెల్లప్పాకంలో పడాలి, పాకం ఒక్క క్షణం ముదిరినా అరిసె గట్టిపడుతుంది. పాకం చూసే పెద్దావిడ ఆ కాసేపు ఇంట్లో అందరి మీదా అరుస్తుంది, పట్టించుకోకండి. రైలు టికెట్లకి మాత్రం జాగ్రత్త. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, సంక్రాంతి రోజులవి తెరిచిన కాసేపటికే అయిపోతాయి. అలారం పెట్టుకోండి.

ఊరు కదలలేని నెలల్లో హైదరాబాద్‌లోనే కాలం పట్టుకోవచ్చు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మహబూబ్‌నగర్ దారిలో సీతాఫలాల గంపలు వరసగా కనిపిస్తాయి. రంజాన్‌లో హలీమ్ ఉండనే ఉంది. రంజాన్ చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకి వస్తుంది కాబట్టి పోయినేడాది తేదీలు చూసుకుని ప్లాన్ వేయకండి. ఎండాకాలం మొదట్లో ఏ రైతుబజార్‌లోనైనా చింతచిగురు కనిపిస్తుంది, దానికి ప్రయాణమే అక్కర్లేదు.

ఇప్పుడు మీ ఇద్దరి మధ్య సంగతి. పొద్దున నాలుగు చోట్ల టిఫిన్ తిన్న మనిషికి నాలుగోచోట రుచి తెలియదు. మొదటి చోట ఆకలితో తింటారు, రెండో చోట సరదాకి తింటారు, మూడో చోట లిస్టు కోసం తింటారు. నాలుగో చోట పక్కనున్న మనిషి మీద చిరాకు మొదలవుతుంది. అదే మీ గొడవ. కొత్త చోట ఏదైనా ఒక్క ప్లేటే తెప్పించుకోండి, ఇద్దరికీ కలిపి. నచ్చితే ఇంకోటి చెప్పుకోవచ్చు, నచ్చకపోతే డబ్బూ కడుపూ మిగులుతాయి. ఇద్దరిలో ఎవరైనా "ఇది నేను తినను" అంటే అక్కడితో ఆ మాట అయిపోవాలి. ఎందుకు, ఒక్క ముక్క, నా కోసం అనే బతిమాలుళ్ళు ఉండకూడదు. పెళ్ళయి నాలుగేళ్ళయింది కాబట్టి ఒకరి కోసం ఒకరు తినే అవసరం తీరిపోయిందనే అనుకుంటున్నాను.

రోజులో సగం పూట విడివిడిగా గడపండి. ఆయన నాలుగో టిఫిన్ సెంటర్‌కి ఒక్కరే వెళ్తారు, మీరు గుడికో, గట్టు మీదకో, నిద్రకో వెళ్తారు. సాయంత్రం కలిశాక ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఫొటోకి ఒక్క నిమిషం ఇవ్వండి, పూర్తిగా కాదనకండి, అది ఆయన సరదా. కానీ పెసరట్టు పొగలు కక్కుతూ వచ్చినప్పుడు ఆ నిమిషం కూడా ఎక్కువే. అందుకని మొదటి ముక్క తుంచాకే ఫొటో అని ఒప్పందం చేసుకోండి. తుంచిన అట్టు ఫొటోలో ఇంకా బాగుంటుంది. (మీవారు ఇది చదువుతుంటే: అయ్యా, ఆవిడ జబ్బుపడి పడుకుంటే మొహం ముడుచుకోవడం తినేవాడి లక్షణం కాదు. పెరుగన్నం పట్టుకుని గదికి వెళ్ళాలి.)

కడుపు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. రోడ్డు పక్కన తినడం తప్పని నేననను. కళ్ళెదుట వేడిగా పెనం మీంచి దిగింది దాదాపు ఎప్పుడూ మంచిదే. ప్రమాదం పక్కనున్న వాటిలో ఉంటుంది. నీళ్ళు కలిపిన చట్నీ, ముందే కోసిపెట్టిన పండ్లు, ఎక్కడి నీళ్ళతో చేశారో తెలియని ఐసు. చేప, రొయ్య ఉదయం వండి మధ్యాహ్నం దాకా మూత పెట్టి ఉంచినవైతే వద్దు. ఓఆర్‌ఎస్ పొట్లాలు బ్యాగులో ఎప్పుడూ ఉండాలి. పొట్లం మీద ఎన్ని నీళ్ళు రాసుంటే అన్ని నీళ్ళలోనే కలపాలి, చిక్కగా ఉంటే మంచిదని తక్కువ నీళ్ళలో కలపకూడదు. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం బాగా ఉన్నా, మూత్రం తగ్గిపోయినా ట్రిప్పు మాట మర్చిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ మూడు వేల బాధ ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది. బయల్దేరేముందే ఆ ఒక్క తిండికీ ఇంత అని అనుకోండి. హోటల్లో సీజన్ సరుకు చెప్పేముందు ధర అడగండి, ముక్కకా, ప్లేటుకా, కిలోకా అని కూడా అడగండి. అడగడానికి మొహమాటపడే చోటే బిల్లు పెరుగుతుంది.

మీ అత్తగారిని కూడా ఓ ప్రయాణానికి రమ్మనండి. వస్తారో రారో నేను చెప్పలేను. పులస ప్రయాణానికి అయితే ఆవిడ ఉంటే మీకే లాభం, రేవులో బేరం ఆడడానికి మీ ఇద్దరిలో ఎవరూ పనికిరారని ఆ మూడు వేలే చెబుతున్నాయి.

ఇక రైల్లో తేవడం. పులస కూర తేవొద్దు. రాత్రంతా కదులుతూ వచ్చి ముక్క చితికిపోతుంది, మూత ఊడితే బోగీ అంతా మీతో గొడవ పడుతుంది. ముంజలు మర్నాటికి పాడవుతాయి, అవీ వద్దు. పూతరేకులు గాలి తగలని డబ్బాలో, బరువు పడకుండా, బ్యాగులో పైన పెట్టుకోండి. వానాకాలంలో అయితే చెమ్మకి మెత్తబడతాయి, వారంలోపు తినేయండి. తాండ్ర, అరిసెలు నిక్షేపంగా వస్తాయి. తేగలు కట్టలు కట్టి పచ్చివే తెచ్చుకోండి, ఇంటికొచ్చి కుక్కర్‌లో ఉప్పేసి ఉడకబెట్టుకోవచ్చు. కాల్చినంత రుచి ఉండదు, కానీ మీ అత్తగారు ఒకటి తీసుకుంటారు.